చెట్టూ చేనూ: జామాయిల్ పక్కన బావి ఎందుకు ఎండుతుంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం జామాయిల్, అంటే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన యూకలిప్టస్ చెట్టు గురించే. దమ్మపేట, సత్తుపల్లి వైపు నుంచి ఎక్కువ, ఒంగోలు, రాజమండ్రి, చీరాల నుంచి తలా ఒకటి, పాడేరు నుంచి ఒకటి. నేను ముప్పై ఒక్క ఏళ్లు తోట అడవుల్లో పనిచేసి రిటైరయ్యాను. నర్సరీలో కవర్లకి మట్టి నింపించిన రోజుల నుంచి, చెట్టు ఎంత నీరు వాడుతుందో కొలిచిన రోజుల దాకా అన్ని పనులూ చేశాను. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి పేజీ అంతా చెట్టుకీ నీటికీ ఇచ్చేస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు. ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, మాకు మూడెకరాల చేను, అందులో ఒక బావి ఉంది. పక్కన ఐదెకరాల్లో మా పెదనాన్న కొడుకు నాలుగేళ్ల కిందట జామాయిల్ వేశాడు. అంతకుముందు అక్కడ జొన్న, పెసర వేసేవాళ్లు. మా బావిలో మే నెల దాకా నీళ్లుండేవి. ఇప్పుడు సంక్రాంతి దాటితే అడుగు కనిపిస్తోంది. ఒక్కో చెట్టు రోజుకి వంద లీటర్లు తాగుతుందని ఊళ్లో అంటున్నారు. క్లోన్ మొక్కలు అసలు నీళ్లే తాగవని నర్సరీ ఆయన అంటున్నాడు. ఏది నిజం? అన్నయ్యతో గొడవ పెట్టుకోవాలని నాకు లేదు. – ఒక రైతు, దమ్మపేట

జవాబు: బాబూ, ముందు ఆ వంద లీటర్ల మాట తేల్చేద్దాం.

జామాయిల్‌ని మూడు మీటర్ల సాళ్లలో ఒకటిన్నర మీటరుకి ఒకటి చొప్పున వేస్తే ఎకరానికి 900 మొక్కలు పడతాయి. ఒక్కోటి వంద లీటర్లు తాగితే ఎకరానికి రోజుకి 90 వేల లీటర్లు. అన్ని నీళ్లు ఆ ఎకరం మీద పరిస్తే 22 మిల్లీమీటర్ల లోతు నిలుస్తాయి. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. మన రోహిణి కార్తె ఎండకైనా రోజుకి ఏడెనిమిది మిల్లీమీటర్లకి మించి తోట ఆకుల మీంచి లేపే సత్తా ఉండదు. కాబట్టి ఆ లెక్క నిలబడదు. గట్టు మీద ఒంటరిగా, నాలుగు వైపులా గాలీ ఎండా తగిలే పెద్ద చెట్టు అంత తాగితే తాగొచ్చు. వరసలో నిలబడ్డ తోట చెట్టు తాగలేదు.

నర్సరీ ఆయన మాటా నిజం కాదు. క్లోన్ అంటే విత్తనంతో కాకుండా, ఎంచిన ఒక మంచి చెట్టు రెమ్మల నుంచి పెంచిన మొక్క. క్లోన్‌కీ క్లోన్‌కీ తేడా ఉన్నమాట నిజమే. కొన్ని గాలి పొడిబారగానే ఆకు రంధ్రాలు మూసేస్తాయి, కొన్ని బాగా ఎండేదాకా తెరిచే ఉంచుతాయి. కానీ నీళ్లు ఖర్చుపెట్టకుండా కట్టె కట్టే చెట్టు భూమ్మీద లేదు. ఆకు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ తీసుకోవాలంటే రంధ్రం తెరవాలి. తెరిచాక లోపలి తడి ఊరుకోదు, బయటికి పోతుంది. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు లోపలికి వచ్చేలోగా వందల నీటి అణువులు బయటపడతాయి. నాలుగేళ్లలో కోతకి వచ్చేంత వేగంగా పెరిగే చెట్టు అంటే, ఆ తలుపులు ఎక్కువ సేపు తెరిచి ఉంచే చెట్టు అన్నమాట.

మరి నిజం లెక్క ఎలా ఉంటుంది? వానలు వెనకబట్టాక, నేలంతా తడిగా ఉండి ఎండ కాసే అక్టోబరు, నవంబరుల్లో మంచి తోట రోజుకి నాలుగైదు మిల్లీమీటర్లు వాడుతుంది. వేసవిలో మట్టి ఎండిపోతే ఒక మిల్లీమీటరుకి కూడా దిగిపోతుంది. ఏడాదికి సగటున రోజుకి మూడు అనుకుందాం. అంటే ఎకరానికి 12 వేల లీటర్లు, చెట్టుకి 13 లీటర్లు. ఒక బిందె నీళ్లు. వినడానికి చిన్న మొత్తమే. ఇక్కడే మనం మోసపోతాం. 12 వేలని 365తో గుణించండి. దగ్గర దగ్గర 44 లక్షల లీటర్లు. మీ వైపు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే, ఎకరం మీద పడే వాన మొత్తం 40 లక్షల లీటర్లే.

పడిన వానలో బావిదాకా దిగేది ఎప్పుడూ చాలా తక్కువ. మన రాతి నేలల్లో పదో వంతు దిగితే గొప్ప. మిగతాది వాగులోకి పారుతుంది, లేదా పైరూ గడ్డీ తాగేస్తాయి, లేదా ఎండకి పోతుంది. మీ బావి బతుకంతా ఆ పదో వంతు మీదే. జొన్నకి వేళ్లు నాలుగైదు అడుగుల లోతు. నాలుగు నెలల్లో పంట అయిపోతుంది. తర్వాత నేల ఖాళీ. నాలుగైదు అడుగులు దాటి దిగిన నీటిని జొన్న అందుకోలేదు, అది మెల్లగా మీ బావిలో ఊటగా వచ్చేది. జామాయిల్ వేరు ఆ దారిలోనే కూర్చుంటుంది. ఆకు రాల్చదు, పన్నెండు నెలలూ తాగుతుంది.

ఇది నా ఊహ కాదు. కర్ణాటకలో 1980ల చివరి నుంచి కొన్నేళ్లపాటు అక్కడి అటవీ శాఖ వాళ్లూ, బ్రిటన్ నుంచి వచ్చిన ఇయాన్ కాల్డర్ బృందమూ కలిసి నేలలోకి గొట్టాలు దించి, లోతు లోతునా తడి కొలిచారు. బెంగళూరు పక్కన హోసకోటె దగ్గర లోతైన నేలలో వేసిన తోట, మూడేళ్లలో పడిన వాన 2,100 మిల్లీమీటర్లయితే 3,400 మిల్లీమీటర్లు వాడింది. పడినదానికంటే ఎక్కువ ఎక్కడి నుంచి వచ్చింది? అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆ మట్టిలో దిగి దాగిన తడిని వేళ్లు ఏడాదికి రెండు మీటర్లకి పైగా కిందికి పాకుతూ తోడుకున్నాయి. పక్కనే రాగి చేను అందులో సగం వాడింది. అదే పరిశోధనలో శివమొగ్గ వైపు మాత్రం, జామాయిల్ తోట దగ్గరున్న సహజమైన అడవికంటే ఎక్కువేమీ తాగలేదు. ఈ రెండోది కూడా మనసులో పెట్టుకోవాలి. అడవి ఉన్నచోట జామాయిల్ వేస్తే నీటి లెక్క అంతగా మారకపోవచ్చు. చేను ఉన్నచోట వేస్తే తప్పక మారుతుంది. మీ అన్నయ్య వేసింది జొన్న చేలో.

బోరున్న వాళ్లు ఇంకో సంగతి అడిగారు. మూడు నాలుగు వందల అడుగుల బోరులోకి ఏ జామాయిల్ వేరూ దిగదు. వేళ్లు పాతిక, ముప్పై అడుగుల దాకా పోతాయి. బోరుకి జరిగే నష్టమల్లా పైనుంచి దిగాల్సిన నీరు దిగకపోవడం, అది నాలుగైదేళ్లకి గానీ తెలియదు. ఇరవై అడుగుల్లో నీరు తగిలే మీలాంటి బావి అలా కాదు. వేళ్లు నేరుగా ఆ తడినే అందుకుంటాయి.

బాబూ, ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఏజెన్సీలో ఒక ఊరి పైన, వాగు పుట్టే చోట జామాయిల్ వేశాం. ప్లాను పైనుంచి వచ్చింది. కానీ వాగు అంచు దాకా గుంతలు తీయించింది నేనే. ఖాళీ వదిలితే లెక్కలో మొక్కలు తగ్గుతాయని భయం. ఆ వాగులో ఒక చెలమ ఉండేది. ఒక పెద్దమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, సొరకాయ బుర్రతో ఇసుక తోడి, నీరు తేటపడేదాకా కూర్చుని, బిందె నింపుకుని పోయేది. మూడో వేసవికి మోచేయి లోతు తవ్వినా తడి ఇసుకే వచ్చింది. ఆమె నా మీద కోపం చేయలేదు. "నా పెళ్లయి ఈ ఊరొచ్చిన కాడ్నించి ఈ చెలమ ఎండటం నేను చూళ్లేదు బిడ్డా" అంది. ఆ ఏడు వానలు కూడా తక్కువే, నేరమంతా చెట్లదే అనను. కానీ వాగు అంచున ఆ నాలుగు వరసలూ వేయించకుండా ఉండాల్సింది. ఆ చేతి గుర్తు ఇప్పటికీ నాకు కనిపిస్తూనే ఉంటుంది, తడి ఇసుక మీద ఐదు వేళ్లు.

అందుకని మీకు చెప్పేది ఇది. అన్నయ్య తోట కోతకి వచ్చే వేళయింది. కోత అయ్యాక మీ బావికి 30 మీటర్ల లోపు వరసల్లో మొద్దుల నుంచి లేచే పిలకలు వదలొద్దని అడగండి. ఆ మేరకి ఆయనకి పోయే కట్టె ఎంతో ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకోండి. బావి బాగుపడితే ఆయన పశువులకీ అవే నీళ్లు కదా. గట్టు వెంబడి మూడడుగుల కందకం తీస్తే పక్కకి పాకే వేళ్లు తెగి మీ పైరు కాస్త తేరుకుంటుంది. ఏడాదికోసారి మళ్లీ తెగ్గొట్టాలి. బావిని మాత్రం కందకం కాపాడదు, లోతు వేళ్లు దాని కిందుగా పోతాయి. ఇంకొకటి, ఈ నాలుగేళ్లలో మీ చుట్టుపక్కల కొత్త బోర్లు ఎన్ని పడ్డాయో కూడా చూడండి. నెల నెలా ఒకటో తారీకున తాడుకి రాయి కట్టి బావిలోకి వదిలి, నీరు ఎన్ని మూరల్లో తగిలిందో క్యాలెండర్ మీద రాయండి. రెండేళ్ల అంకెలు చేతిలో ఉంటే అన్నయ్యతో మాట గొడవగా మారదు.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. మా బావి దగ్గర మోటారు ఇరవై ఐదు అడుగులు దాటితే నీళ్లు లాగలేదు, అందుకే నాన్న దాన్ని బావిలోకి దింపారు. మరి మా జామాయిల్ ఎనభై అడుగులుంది. మోటారు లేకుండా పైకి నీళ్లెలా పోతున్నాయి? పుస్తకంలో బాష్పోత్సేకం, అంటే ఆకుల్లోంచి నీరు ఆవిరవడం వల్ల అని రాశారు, నాకు నమ్మకం కుదరడం లేదు. – ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: అమ్మాయ్, నమ్మకం కుదరకపోవడమే మంచిది. మీ నాన్న మోటారు దగ్గరే మొదలుపెడదాం. పైన కూర్చున్న మోటారు నిజానికి నీటిని లాగదు. గొట్టంలో గాలి తీసేస్తుంది, బయటి గాలి బరువు నీటిని లోపలికి నెడుతుంది. గాలి ఎంత నెట్టినా పది మీటర్లే. అతుకుల్లో లీకులూ అవీ పోను ఇరవై ఐదు అడుగులు మిగులుతుంది.

చెట్టు గాలి బరువు మీద ఆధారపడదు. నిజంగానే లాగుతుంది. ఆకు లోపలి గోడల మీద నీరు సన్నటి పొరలా అంటుకుని ఉంటుంది. ఎండకి కొంత ఆవిరైతే ఆ పొర గోడల సందుల్లోకి ఇంకుతూ వెనకున్న నీటిని లాక్కుంటుంది. దాని వెనకది దాన్ని పట్టుకుని వస్తుంది. అలా వేరు చివరి దాకా ఒకటే నీటి తాడు. ఆ తాడు తెగకపోవడానికి కారణం నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవడం, గొట్టాలు మీ తల వెంట్రుకకంటే కాస్తే లావుగా ఉండటం, అందులో గాలి బుడగ లేకపోవడం. 1894లో డబ్లిన్‌లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు ఈ మాట చెబితే చాలామంది నీలాగే నమ్మలేదు. మన జగదీశ్ చంద్రబోస్ కూడా 1920లలో వేరే మాట చెప్పారు, చెట్టులోని బతికున్న కణాలు కొట్టుకుంటూ నీటిని ఎక్కిస్తాయని. కానీ అంతకుముందే జర్మనీలో స్ట్రాస్‌బర్గర్ నరికిన చెట్టు మొదలుని విషంలో పెట్టి, కణాలు చచ్చాక కూడా నీరు పైకి పోతూనే ఉందని చూపించాడు. సన్న గొట్టంలో నీరు దానంతటదే ఎక్కుతుంది కదా అని ఇంకొకరు అడిగారు. ఎక్కుతుంది, కానీ ఆ లావు గొట్టంలో ఒక్క అడుగే. మిగతా డెబ్బై తొమ్మిది అడుగులూ ఆకు లాగాల్సిందే.

ఈ లాగుడుని నేను కళ్లతో చూశాను. మా పనిలో ఒక ఇనుప డబ్బా ఉండేది, దానికి గ్యాస్ సిలిండర్ తగిలించేవాళ్లం. తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైట్లతో తోటలోకి వెళ్లి, రెండాకులున్న చిన్న రెమ్మ తెంపి, దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగిస్తాం. తెంపిన కాడ చివర మాత్రం మూత బెజ్జంలోంచి బయటికి ఉంటుంది. తెంపగానే లోపలి నీరు సాగదీసిన రబ్బరులా వెనక్కి పోతుంది, కాడ చివర పొడిగా కనిపిస్తుంది. అప్పుడు డబ్బాలోకి మెల్లగా గ్యాస్ వదులుతూ భూతద్దంలోంచి ఆ చివరనే చూడాలి. ఒక క్షణాన తెల్లటి చెక్క మీద మెరుపులా తడి పొంగుతుంది. అప్పుడు గ్యాస్ ఒత్తిడి చూపే ముల్లు ఎక్కడుందో రాసుకోవాలి. లోపలి నీటిని చెట్టు ఎంత గట్టిగా లాగుతోందో అదే ఆ అంకె. దసరా రోజుల్లో తెల్లవారుజామున నాలుగైదు బార్ల దగ్గరే చుక్క వచ్చేది (బార్ అంటే ఒత్తిడి కొలత, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి దాదాపు ఒక బార్). అదే చెట్టుకి మిట్టమధ్యాహ్నం ఇరవై దాకా పోయేది. లారీ టైరులో గాలి ఎనిమిది బార్లు ఉంటుంది, పోల్చుకో.

అంత లాగితే తాడు తెగదా? తెగుతుంది. మట్టి ఎండిపోయి, గాలి వేడెక్కినప్పుడు గొట్టంలోకి గాలి చొరబడుతుంది, ఆ గొట్టం ఇక పనికిరాదు. అందుకే చెట్టు ముందే జాగ్రత్తపడుతుంది. ప్రతి రంధ్రానికీ రెండు వైపులా చిక్కుడు గింజల్లాంటి రెండు కణాలుంటాయి. అవి నీటితో ఉబ్బితే మధ్యలో సందు తెరుచుకుంటుంది, వాడితే మూసుకుంటుంది. నేల ఎండుతున్న కొద్దీ చెట్టులో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరిగి ఆ కణాలని మూసుకోమంటుంది. మా కొలతల్లో ఏప్రిల్ నెలలో పొద్దున పది దాటితే చాలు, సగం తలుపులు మూసినట్టే కనిపించేది. జామాయిల్ ఆకు నిలువుగా వేలాడటం గమనించావా? మధ్యాహ్నపు ఎండ దాని బల్లపరుపు మీద కాకుండా అంచు మీద పడుతుంది. సుబాబుల్ అయితే ఆ వేళకి ఆకులే ముడిచేసుకుంటుంది.

నువ్వు ఇంటి దగ్గరే చూడొచ్చు. పొద్దున తొమ్మిదింటికి ఆకులున్న చిన్న కొమ్మకి పారదర్శకమైన పాలిథీన్ కవర్ తొడిగి, మూతి దారంతో బిగించు. గంటలో లోపలంతా చెమట పడుతుంది, మధ్యాహ్నానికి మూలలో చెంచాడు నీళ్లు చేరతాయి. ఒకటి వానలు తగ్గాక, ఒకటి మే నెలలో చేసి రెంటినీ పోల్చు. కవర్ లోపల వేడి పెరిగి ఆకు వాడుతుంది కాబట్టి సాయంత్రానికల్లా తీసెయ్.

ప్రశ్న: 2024లో పాపికొండల అడవిలో నల్లమద్ది చెట్టుకి గాటు పెడితే కుళాయిలా నీళ్లొచ్చిన వీడియో చూశాం. జామాయిల్‌లో కూడా అలా నీళ్లు దాగి ఉంటాయా? – రాజమండ్రి నుంచి

జవాబు: ఉండవు. ఆ వీడియో నిజమైనదే. ఆ ఏడాది మార్చిలో రంపచోడవరం వైపు అటవీ సిబ్బంది చేసి చూపించారు. కొండరెడ్లకి ఆ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. మొసలి వీపులా పగిలిన బెరడుండే నల్లమద్ది మాను మీద బొడిపెలా ఉబ్బిన చోట నీరు చేరి ఉంటుంది. అది పైకి లాగబడుతున్న నీరు కాదు, నిల్వ ఉన్న నీరు. పట్టపగలు జామాయిల్‌కి గాటు పెడితే నీరు రాకపోగా గాలి లోపలికి పోతుంది, ఇందాక చెప్పిన లాగుడు వల్ల.

జామాయిల్ మానులోనూ నిల్వ కొంత ఉంటుంది, చెక్క తడిలోనే. పొద్దున ఆకులు ముందు ఆ నిల్వనే వాడుకుంటాయి, రాత్రి వేళ్లు మళ్లీ నింపుతాయి. మధ్యాహ్నానికి మాను చుట్టుకొలత వెంట్రుకవాసి తగ్గి, తెల్లారేసరికి మళ్లీ పెరగడం సన్నటి పట్టీ బిగించి కొలవొచ్చు. దయచేసి ఎవరూ వీడియో కోసం నల్లమద్దిని గాటు పెట్టకండి. ఆ గాయంలోంచి చెదలూ బూజూ దిగుతాయి. దాహంతో అడవిలో తిరిగే కొండరెడ్డికి ఉన్న అవసరం మనకి లేదు.

ప్రశ్న: మా కాఫీ తోటలో నీడకి సిల్వర్ ఓక్ ఉంది. అది కూడా ఆస్ట్రేలియా చెట్టే కదా, కాఫీకి దక్కాల్సిన నీరు తాగేస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. – పాడేరు

జవాబు: తమ్ముడూ, దేశం ఆస్ట్రేలియా అయినంత మాత్రాన చెట్టు చెడ్డది కాదు. సిల్వర్ ఓక్ మీద 1998లో వచ్చిన ఒక పరిశోధన నాకు చాలా ఇష్టం. వేరులో నీరు ఎటు పారుతోందో కొలిచే సూదులు గుచ్చి చూశారు. పగలు నీరంతా పైకే పోయింది. రాత్రి ఆకు రంధ్రాలు మూసుకున్నాక, లోతు వేరు కింది తడిని తెచ్చి పైనున్న పొడి మట్టిలోకి పక్క వేళ్ల గుండా వదిలింది. వాన పడ్డాక అదే వేరు పైనీటిని కిందికి దించింది. తడి ఎక్కడుంటే అక్కడి నుంచి, లేనిచోటికి. మోటారు లేని పైపులైను అది. జామాయిల్ జాతి చెట్లలో కూడా ఇదే కనిపించింది.

కాబట్టి మీ చెట్లు కొంత తాగుతాయి, కొంత పైకి తెస్తాయి, నీడతో కాఫీ ఆకుకి చెమట తగ్గిస్తాయి. దగ్గర దగ్గరగా వేస్తే మాత్రం తాగేదే ఎక్కువవుతుంది. ఫిబ్రవరి, మార్చిలో కాఫీ ఆకు పొద్దున్నే వాడి కనిపిస్తుంటే, వానలు మొదలయ్యే ముందు నీడచెట్ల పక్క కొమ్మలు కొట్టించండి. ఆకు తగ్గితే తాగుడు తగ్గుతుంది. కొట్టిన ఆకుని చెట్ల మొదళ్లలోనే పరచండి.

ప్రశ్న: మా ఇసుక నేలలో సరుగుడు వేస్తే తీపి నీళ్లు ఉప్పవుతాయా? – చీరాల

జవాబు: సముద్రం ఒడ్డున ఇసుక కింద తీపి నీరు ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. దాన్ని పలచన చేసేదేదైనా ఉప్పుని పైకి రానిస్తుంది. సరుగుడు కూడా ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టే, తాగుతుంది. కానీ ఆ ఇసుకలో వాన చాలా వేగంగా దిగుతుంది, పైగా గాలివానకి అడ్డుగోడ సరుగుడే. మీ దగ్గర ఉప్పు చేరడానికి చెట్లకంటే రాత్రింబవళ్లు తోడే మోటార్లు పెద్ద కారణం. గాలి వైపు సరుగుడు ఉంచండి, తాగునీటి బావి చుట్టూ మాత్రం కాస్త ఖాళీ వదలండి.

ప్రశ్న: అమ్మా, మా జామాయిల్ రెండు కోతలు అయింది. మా ఆయన మళ్లీ పిలకలు వదిలేద్దాం, ఖర్చు ఉండదు అంటున్నారు. మా అత్తమ్మ మొద్దులు పెకలించి పామాయిల్ వేద్దాం, నీళ్లు మిగులుతాయి అంటోంది. ఏది మేలు? మొద్దులు తీస్తే నీళ్లు ఎన్నాళ్లకి వస్తాయి? – సత్తుపల్లి

జవాబు: చెల్లెమ్మా, మీ ఆయన మాటలో ఖర్చు వరకే సరిగ్గా ఉంది. కొత్త మొక్కకి లోతు వేరు దిగడానికి రెండు మూడేళ్లు పడుతుంది, అన్నాళ్లూ నేల కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పిలకకి ఆ ఆగడం లేదు. కింద పెద్ద చెట్టు వేరంతా సిద్ధంగా ఉంటుంది, మొదటి ఏడు నుంచే లోతు నీరు తాగుతుంది. నీలగిరి కొండల్లో గడ్డి మైదానాన్ని జామాయిల్ తోటగా మార్చి ఏళ్ల తరబడి వాగు నీటిని కొలిచారు. మొదటి పదేళ్ల కోతలో వాగు నీరు 16 శాతం తగ్గింది. పిలకల తోట వచ్చాక పాతిక శాతం దాకా పోయింది.

తీస్తే నీళ్లు ఎన్నాళ్లకి వస్తాయంటే, వెంటనే ఆశ పెట్టుకోవద్దు. దక్షిణాఫ్రికాలో మోకోబులాన్ అనే చోట ఒక చిన్న వాగు పరీవాహకమంతా జామాయిల్ వేస్తే తొమ్మిదో ఏడుకి వాగు పూర్తిగా ఎండింది. పదహారో ఏట చెట్లన్నీ కొట్టేశారు. వాగు మళ్లీ నిండుగా పారడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. చెట్లు తోడేసిన లోతు మట్టి ముందు నిండాలి, అది నిండాకే వాగుకి వదులుతుంది. మీ బావి కూడా అంతే. మొద్దులు తీసిన మరుసటి వేసవికే నీళ్లు రాలేదని నిరాశపడొద్దు.

ఇక అత్తమ్మగారి పామాయిల్ మాట. మీ సత్తుపల్లి, అశ్వారావుపేట చుట్టూ అందరూ అటే పోతున్నారు, డబ్బు విషయంలో నేను వద్దనను. నీళ్ల విషయంలో మాత్రం ఆమెకి ఈ లెక్క చూపించండి. పామాయిల్ ఎకరానికి 57 చెట్లు. కాపుకొచ్చిన చెట్టుకి ఎండాకాలంలో రోజుకి 200 లీటర్లకి తక్కువ కాకుండా పెట్టమంటారు. 57ని 200తో గుణిస్తే 11,400. ఇందాక దమ్మపేట రైతుకి చెప్పిన జామాయిల్ అంకె 12 వేలు. ఎకరానికి చూస్తే రెండూ దాదాపు ఒక్కటే. తేడా ఎక్కడంటే, జామాయిల్ నీరు దొరక్కపోతే ఆకు మూసుకుని మే నెల గడిపేస్తుంది, మీ మోటారు ముట్టుకోదు. పామాయిల్‌కి అదే మే నెలలో మీరు బోరు వేసి పోయాలి.

మీకు నీళ్లే ముఖ్యమైతే, బావికి దగ్గరున్న ఎకరంలో మొద్దులు తీయించి కంది, పెసర వేయండి, గట్లు ఎత్తు కట్టి వాన నిలబెట్టండి. మిగతాదాంట్లో ఈసారికి పిలకలు ఉంచుకుంటామన్నా తప్పు లేదు, మొద్దుకి రెండు పిలకలకి మించి వదలకండి. మొద్దులు తీయించడం ఏప్రిల్‌లో పెట్టుకోండి, జేసీబీ గుంతలు మొదటి వానకి తెరిచే ఉండాలి. ఆ గుంతల్ని వెంటనే పూడ్పించొద్దు, ఒక వానాకాలం నీళ్లు తాగనివ్వండి.